గొడవ పడుతున్నప్పుడు మెదడు ఏం చేస్తుంది?

అందరికీ నమస్కారం. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు ఉద్యోగాలు చేసుకుంటున్న మన తెలుగువాళ్లతో ముఖ్యంగా ఒక విషయం మాట్లాడాలి. పక్కన ఒడియా తోటి ఉద్యోగి ఉండగానే మనం ఇద్దరం తెలుగులో ఏదో అనుకుని నవ్వుకుంటాం. మనకది మామూలే, కానీ అతనికి తన గురించే అనుకుంటున్నారనిపిస్తుంది, సాయంత్రం ఏదో చిన్న పని దగ్గర గయ్యిమంటాడు. అతన్ని కోపిష్ఠి అనేస్తాం. అది అన్యాయం అంటాను నేను.

2003లో మనస్తత్వ శాస్త్రవేత్త నయోమీ ఐసెన్‌బర్గర్ బృందం చేసిన ప్రయోగం వినండి. కంప్యూటర్‌లో బంతి విసురుకునే ఆటలో ఒకరికి మిగతావాళ్లు ఉన్నట్టుండి బంతి ఇవ్వడం మానేశారు. అప్పుడు ఆ మనిషి మెదడులో, ఒంటికి నొప్పి కలిగితే బాధపడే భాగాల్లో ఒకటి చురుగ్గా కనిపించింది. వెలివేసినట్టు అనిపించడం అంత గట్టిగా తగులుతుందన్నమాట.

ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలా అనే చిన్న భాగం కూడా ఉంది. అది ఉలిక్కిపడితే గుండె దడ పెరుగుతుంది, ఆలోచించి మాట్లాడే నుదుటి వెనక భాగం పట్టు తప్పుతుంది. ఆ టెన్షన్‌లో ఎంత న్యాయమైన మాట చెప్పినా చెవికెక్కదు. కాస్త ఆగి, "నాకిప్పుడు చాలా చిరాకుగా ఉంది, టీ తాగి వచ్చి మాట్లాడుకుందాం" అని పైకి అనేయండి. కోపంగానో భయంగానో ఉన్న ముఖాలను చూసి, ఆ భావానికి పేరు పెట్టినప్పుడు అమిగ్డలా జోరు తగ్గిందని 2007లో మాథ్యూ లీబర్‌మన్ బృందం చూపించింది.

సరే, తిరిగొచ్చాక ఏం మాట్లాడాలి? పనిచోట మనుషుల మధ్య తగువుల గురించి రాసిన అమెరికా ఆవిడ మేరీ పార్కర్ ఫాలెట్ 1925లోనే దీనికి దారి చూపించారు. హార్వర్డ్ లైబ్రరీలో ఒకరు కిటికీ తెరవమంటే ఆవిడ మూయమన్నారు. నిజానికి అవతలివారికి కావలసింది గాలి, ఆవిడకి ఆ చలిగాలి నేరుగా తగలకూడదు, అంతే. పక్క గదిలో కిటికీ తెరిచారు.

మన ఫ్యాక్టరీల్లో షిఫ్ట్ మారేటప్పుడు వచ్చే తగువూ ఇలాంటిదే. ఒకరికి బస్సు దొరకాలి, ఇంకొకరికి మెషిన్ ఏ స్థితిలో ఉందో తెలియాలి. "ఎందుకు లేటు?" అని కాకుండా "నీకేం కావాలి భాయ్?" అని ఒడియాలోనే, వచ్చీరాని ఒడియా అయినా సరే, అడిగి చూడండి. లాగ్‌బుక్‌లో ముందే రాసిపెడితే ఒకరికి బస్సు అందుతుంది, రెండోవారికి మెషిన్ సంగతి తెలుస్తుంది.