ఫోన్-ఇన్: వేట నిషేధానికి ముందు కడలిలో గాలం వేట

వ్యాఖ్యాత: నమస్కారం. ఏప్రిల్ 14 అర్ధరాత్రి నుంచి వేట నిషేధం మొదలవుతుంది. ఈలోగా రాడ్డు, రీలు పట్టుకుని లోతు నీటికి వెళ్లేవాళ్ల ప్రశ్నలకు మన నిపుణులు జవాబిస్తారు. సార్, ఇప్పుడు సముద్రం తీరు ఎలా ఉంటుంది?

నిపుణుడు: నీరు తేరి నీలంగా ఉంటుంది. పై నీరు 29 డిగ్రీలు దాటుతుంది, అందుకే ఎండెక్కితే చేప కిందికి దిగిపోతుంది. అసలు వేట తెల్లవారిన మొదటి రెండు మూడు గంటలే. ఇక అందరికీ చెప్పే మాట ఒకటుంది: ముందు దక్షిణానికి వెళ్లండి. మార్చి, ఏప్రిల్‌లో మన తీరం వెంట నీరు ఉత్తరానికి జోరుగా లాగుతుంది. మధ్యాహ్నం లేచే నైరుతి గాలి కూడా అటే తోస్తుంది. దక్షిణంలో మొదలుపెడితే పడవ వేటాడుతూనే రేవు వైపు వస్తుంది. ఉత్తరానికి పోతే తిరుగు దారిలో రెండూ ఎదురే. ఆయిలు మూడు వంతులు చేసుకోండి: పోవడానికి ఒకటి, రావడానికి ఒకటి, మూడోది ముట్టుకోవద్దు.

వ్యాఖ్యాత: భీమిలి నుంచి కాలర్, చెప్పండి.

కాలర్: సార్, 50 పౌండ్ల బ్రెయిడ్‌కి, అదే అల్లిక దారానికి, రీలు డ్రాగ్ (దారాన్ని ఆపే బ్రేకు బిగువు) ఎంత పెట్టాలి?

నిపుణుడు: దారం బలంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు లోపు. మీకు ఆరు కిలోలు చాలు. చేత్తో లాగి అంచనా వెయ్యకండి తమ్ముడూ. స్ప్రింగ్ త్రాసు కొక్కేనికి దారం కట్టి, రాడ్డు వంచి లాగించి చూడండి. సూర (ట్యూనా) పరుగెడుతుంటే డ్రాగ్ బిగించొద్దు. రీల్లో దారం తగ్గేకొద్దీ లాగుడు దానంతటదే బరువెక్కుతుంది.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. తర్వాత కాకినాడ.

కాలర్: నమస్కారమండి. మేం ముగ్గురు స్నేహితులమండి, ఫైబర్ బోటు మాట్లాడుకుని వెళ్తామండి, హోప్ ఐలాండ్ దాటి. వంజరం బాగానే కొడుతుందండి, కానీ తెగిపోతుందండి. పోయిన ఆదివారం కూడా అంతే. లూర్లు, అదే నకిలీ ఎరలు, ఒక్కోటీ ఎంత ఖరీదో మీకు తెలుసు కదండి. దారం 50 నుంచి 80 పౌండ్లకి మార్చెయ్యమంటారా?

నిపుణుడు: ఆగండి. తెగిన కొస చూశారా?

కాలర్: చూళ్లేదండి. కోపంలో కోసి పారేశామండి.

నిపుణుడు: కొస చూడకుండా దారం మార్చొద్దండి. బ్లేడుతో కోసినట్టు నున్నగా ఉంటే అది పళ్ల పని. మెలి తిరిగి చుట్టుకుపోయి ఉంటే ముడి జారింది. పీచుపీచుగా ఉంటే ఎక్కడో రాపిడి, రాడ్డు రింగులో దూది తిప్పి చూడండి, పగులుంటే పట్టుకుంటుంది. మీరు గాలం దగ్గర స్టీలు వైరు వాడుతున్నారా?

కాలర్: వాడతామండి, అడుగు పైనే ఉంటుంది. అయినా తెగుతుందండి. అందుకే 80 పౌండ్లు...

నిపుణుడు: వైరుకి పైన తెగుతోందా?

కాలర్: ఆ... అవునండి. స్వివెల్ దగ్గర, వైరునీ దారాన్నీ కలిపే తిరుగుడు కొక్కెం దగ్గర.

నిపుణుడు: అదీ సంగతి! స్వివెల్ తళతళలాడేదై ఉంటుంది. వంజరం దాన్నే చిన్న చేప అనుకుని కొరుకుతుంది. నల్ల స్వివెల్ పెట్టండి, ఉన్నవాటిలో చిన్నది. వైరు జానెడు చాలు. దానికి పైన 80 పౌండ్ల ఫ్లోరోకార్బన్ లీడరు, అంటే రాపిడికి ఆగే కొస దారం, రెండు మీటర్లు కట్టండి. లీడర్ని బ్రెయిడ్‌కి ఎఫ్‌జీ ముడితో కలపండి. ఇరవై చుట్లు, తడిపి, ఇంకా జారనంతవరకూ బిగించాలి. తడపకుండా బిగిస్తే రాపిడి వేడికి లీడరు కాలుతుంది, మొదటి పరుగులోనే ఊడుతుంది.

కాలర్: అంటే బ్రెయిడ్ 80 అక్కర్లేదంటారు?

నిపుణుడు: అక్కర్లేదండి, చెప్పాను కదా. మందం పెరిగితే జిగ్, అంటే బరువు లూరు, కిందికి దిగదు, నీటి లాగుడికి వాలిపోతుంది. 50 ఉంచండి.

కాలర్: ఇంకోటండి. లూరు తోక కొరికేసి పోతుంది, గాలానికి పడదు.

నిపుణుడు: వంజరం తోక నరికి, మళ్లీ తిరిగొచ్చి తింటుంది. ఎరచేప కడితే తోక దగ్గర వైరుతో వెనక గాలం వెయ్యండి. లూర్ లాగేటప్పుడు ఐదారు నాట్ల వేగం ఉంచండి. కొరికిందని పడవ ఆపొద్దు. మీవైపు గ్యాస్ ప్లాట్‌ఫారాలున్నాయి. చేప ఉందని దగ్గరికి పోకండి, 500 మీటర్ల లోపలికి వెళ్లకూడదు. ముందు దక్షిణానికి వెళ్లండి, మర్చిపోవద్దు.

వ్యాఖ్యాత: హైదరాబాద్ నుంచి కాలర్.

కాలర్: సార్, ఏప్రిల్ 18కి విశాఖలో బోటు బుక్ చేశాం. మేం అమ్ముకోం, సరదాకే పడతాం. పర్వాలేదు కదా?

నిపుణుడు: కుదరదు. జూన్ 14 వరకు ఇంజిన్ పడవలో వేటకి వెళ్లకూడదు. గుడ్లు పెట్టే కాలం అది, మీరు అమ్మినా అమ్మకపోయినా తల్లి చేప పోయినట్టే. డబ్బు వెనక్కి అడగండి.

వ్యాఖ్యాత: పూడిమడక.

కాలర్: సార్, రెక్క సూర కోస్తే కండ ఉడికినట్టు పాలిపోతోంది.

నిపుణుడు: ఐసు ఎంత తీసుకెళ్తారు?

కాలర్: ఒక బాక్సు.

నిపుణుడు: కిలో చేపకి కిలో ఐసు, ఈ ఎండల్లో అంతకు తగ్గొద్దు. పోరాడిన సూర ఒళ్లు నీటికంటే వేడిగా ఉంటుంది. పడవెక్కగానే పక్క రెక్క మొదలుకి వెనక మూడు వేళ్ల దూరంలో, రెండు పక్కలా అంగుళం లోతు నిలువు కోత పెట్టండి. మొప్పల దగ్గర పొర కూడా కొయ్యండి. నెత్తురు కారాక మొప్పలూ పేగులూ తీసి, పొట్టలో ఐసు కూరండి. తర్వాత రెండు పాళ్లు ఐసు, ఒక పాలు ఉప్పునీరు కలిపిన బాక్సులో ముంచండి. ఎండలో పడేసి ఫొటోలు దిగొద్దు బాబూ. వేడికి సూరలో హిస్టమైన్ పుడుతుంది, వండినా పోదు. తిన్నవాళ్లకి ముఖం ఎర్రబడి దద్దుర్లొస్తాయి.

వ్యాఖ్యాత: కళింగపట్నం, త్వరగా అడగండి.

కాలర్: ఇన్‌కాయిస్, అదే సముద్ర సమాచార కేంద్రం, ఇచ్చే చేపల సమాచారం కొన్ని రోజులు రావట్లేదు సార్.

నిపుణుడు: మబ్బు కమ్మితే ఉపగ్రహానికి నీటి వేడి, రంగు కనపడవు. ఆ రోజు నీటి రంగు మారే గీత మీరే వెతుక్కోవాలి. గీతకి నీలం వైపు లాగండి. మధ్యాహ్నం పడమట కొండల మీద నల్లమబ్బు పేరుకుంటే మాత్రం చేప తగిలినా దారం కోసేసి వచ్చెయ్యండి. కార్బన్ రాడ్లు నిలబెట్టకండి, పిడుగుని పిలుస్తాయి. వీహెచ్‌ఎఫ్ రేడియోలో 16వ చానెల్ తెరిచి ఉంచండి, ఫోను అందే దూరంలో ఉంటే కోస్ట్ గార్డ్ నంబరు 1554...

వ్యాఖ్యాత: సార్, టైమ్ అయిపోయింది. ధన్యవాదాలు.

నిపుణుడు: లైఫ్ జాకెట్ బాక్సు కింద కాదు, ఒంటి మీద ఉండాలి. నమస్కారం.