ఈఎస్‌బీ కొన్నంత మాత్రాన ఎస్‌ఓఏ రాదు: గుంటూరు మిర్చియార్డు లెక్కలో

[తెర మీద: ఎనిమిది గడులు, వాటి మధ్య అడ్డదిడ్డంగా గీతలు]

నమస్తే అండి. "మా దగ్గర ఎస్‌ఓఏ ఉంది, పోయినేడే ఈఎస్‌బీ కొన్నాం." ఈ మాట టెండరు కాగితాల్లో, ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో, కాలేజీ సెమినార్లలో ఇప్పటికీ వినబడుతూనే ఉంది. ఎస్‌ఓఏ అంటే సర్వీస్ ఓరియెంటెడ్ ఆర్కిటెక్చర్, కంపెనీ సాఫ్ట్‌వేర్ పనిని విడివిడి సర్వీసులుగా కోసుకునే పద్ధతి. ఈఎస్‌బీ అంటే ఎంటర్‌ప్రైజ్ సర్వీస్ బస్సు, సిస్టమ్‌ల మధ్య సందేశాలు మోసే సాఫ్ట్‌వేర్. రెండోది కొంటే మొదటిది వచ్చేసినట్టే అనుకోవడం తప్పు. ఆ తప్పు జనం బుర్రల్లోకి ఎలా ఎక్కిందో, దానివల్ల ఏ పనులు చెడతాయో ఇవాళ చూద్దాం. ఏపీఐ, ఎక్స్‌ఎమ్మెల్ లాంటివి మీకు తెలిసినవే, వాటి జోలికి పోను.

గుంటూరు మిర్చియార్డుకే వెళ్దాం పదండి. రైతు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు తెచ్చి నేరుగా కొనేవాళ్ల లారీలోకి ఎక్కించడు. దిగుమతి వ్యాపారి, అంటే కమీషన్ ఏజెంటు, కొట్టు దగ్గర దింపుతాడు. సరుకు కొనే ఎగుమతి వ్యాపారి వచ్చి కాయ చూసి ధర చెబుతాడు. కుదిరితే కాటా. కాటా చీటీ మీద లెక్క, లెక్క మీద చెల్లింపు. ఇందులో కాటా వేసే మనిషిని చూడండి. వచ్చింది తేజా రకమా, 334 రకమా, తాలు కాయనా, ధర ఎంత పలికింది, ఇవేవీ ఆయనకు అక్కర్లేదు. తూకం అడిగారు, తూకం చెప్పాడు. ఎవరడిగినా అదే నమూనా చీటీ. సర్వీసు అంటే అదండీ. ఆ చీటీలో ఏ గడిలో ఏముండాలో ముందే ఖాయం చేసుకోవడం కాంట్రాక్టు. వెబ్ సర్వీసుల్లో డబ్ల్యూఎస్‌డీఎల్ ఫైలు చేసే పని అదే. పనిని కాటా, నిల్వ, బిల్లు, చెల్లింపు అని సరైన చోట కోసి, ఒక్కోదానికి చీటీ ఖాయం చేస్తే ఎస్‌ఓఏ అయినట్టే. ఇంతవరకూ మనం ఏ సరుకూ కొనలేదు, గమనించారా?

మరి ఈఎస్‌బీ? అది యార్డులో హమాలీ పని. సరుకును ఈ కొట్టు నుంచి ఆ కాటాకు, కాటా నుంచి లారీకి చేర్చడం. అది లేకపోతే యార్డు ఒక్క పూట కూడా నడవదు. కానీ చీటీ నమూనాయే లేని చోట ఎంతమంది హమాలీలను పెట్టినా ఉపయోగం ఏముంటుంది?

ఈఎస్‌బీ అవసరం ఎందుకు పుట్టిందో ఒక చిన్న లెక్క. ఒక మిర్చి ఎగుమతి కంపెనీలో కాటా, కోల్డ్ స్టోరేజీ, టాలీ, శాప్ (కంపెనీ లెక్కలన్నీ నడిపే పెద్ద సాఫ్ట్‌వేర్), బ్యాంకు, ఈ-ఇన్‌వాయిస్, ల్యాబు, రవాణా అని ఎనిమిది సిస్టమ్‌లు ఉన్నాయనుకోండి. ప్రతిదాన్నీ ప్రతిదానితో కలిపితే ఎనిమిది ఏడులు యాభై ఆరు, అందులో సగం, 28 జోడీలు. తొమ్మిదోది వస్తే ఇంకో 8. మధ్యలో ఒక బస్సు, అంటే ఈఎస్‌బీ, పెడితే తొమ్మిదోదానికి ఒక్క గీత చాలు. ఈఎస్‌బీ అమ్మేవాళ్లు పట్టుకున్నది ఈ లెక్కనే.

[తెర మీద: 1993, 2000, 2001, 2005, 2008]

ఎస్‌ఓఏ అనే పేరు 1996లో గార్ట్‌నర్ అనే పరిశోధన సంస్థ విశ్లేషకులు పెట్టారు. 2000లో సోప్ 1.1 (సర్వీసుల మధ్య సందేశం ఎలా ఉండాలో చెప్పే ప్రమాణం), 2001లో డబ్ల్యూఎస్‌డీఎల్ 1.1 వచ్చాక పెద్ద కంపెనీలన్నీ దిగాయి. ప్రతి కంపెనీ యార్డు పటం గీసింది, కాకపోతే తన కొట్టును మధ్యలో పెట్టి గీసింది.

ఐబీఎం దగ్గర 1993 నుంచే ఎమ్‌క్యూ అనే సందేశాల క్యూ సాఫ్ట్‌వేర్ ఉంది. పంపిన సందేశం దారిలో పోదు అన్న భరోసా దాని బలం. కాబట్టి ఐబీఎం దృష్టిలో ఇంటిగ్రేషన్ సందేశంతో మొదలవుతుంది. 2005లో వెబ్‌స్ఫియర్ ఈఎస్‌బీ తెచ్చారు, ఆ ఏడే డేటాపవర్ అనే కంపెనీని కొన్నారు. శాప్ దారి వేరు. కంపెనీ లెక్కలన్నీ మా దగ్గరే ఉన్నాయి, మిగతావాళ్లే మా గుమ్మానికి రావాలి అన్నది వాళ్ల పద్ధతి. వాళ్ల వేదిక నెట్‌వీవర్, అందులో సిస్టమ్‌లను కలిపే భాగం ఎక్స్‌ఐ, అదే తర్వాత పీఐ, ఆ తర్వాత పీఓ. శాప్ నుంచి శాప్‌కు ఐడాక్ (శాప్ సొంత పత్రం నమూనా) పంపడానికి ఇది హాయిగా ఉంటుంది. శాప్ లేని రెండు సిస్టమ్‌లను కలపడానికి దీన్ని వాడితే మాత్రం అనవసరపు బరువు.

ఆరకిల్ కథ నాకు చాలా ఆసక్తి. 2004లో కొలాక్సాను కొని, సర్వీసులను వరసలో నడిపించే బీపీఈఎల్ ఇంజన్ తెచ్చుకుంది. 2005లో పీపుల్‌సాఫ్ట్, దాంతోపాటే జేడీ ఎడ్వర్డ్స్, 2006లో సీబెల్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీలను కొంది. ఇన్ని అప్లికేషన్లు కొన్నాక వాటిని ఒకదానితో ఒకటి మాట్లాడించాల్సిన బాధ్యత తన నెత్తినే పడింది. 2008లో బీఈఏను కొన్నాక వాళ్ల సర్వీస్ బస్సు కూడా వీళ్లదైంది. అందుకే ఆరకిల్ ఎస్‌ఓఏ సూట్‌లో ఆరకిల్ అప్లికేషన్లకు అడాప్టర్లు, అంటే కలిపే రెడీమేడ్ ముక్కలు, దండిగా ఉంటాయి. మైక్రోసాఫ్ట్ బిజ్‌టాక్ అనే తన ఇంటిగ్రేషన్ సర్వర్‌తో వచ్చింది, విజువల్ స్టూడియో తెలిసినవాళ్లకు అలవాటైన దారి.

"అందరిదీ సోప్ ప్రమాణమే కదా, ఎప్పుడైనా మారొచ్చు" అంటారు. తీగ మీద పోయేది ప్రమాణం, నిజమే. మ్యాపింగ్ (ఒక సిస్టమ్ గడులను ఇంకో సిస్టమ్ గడులకు మార్చే పని), అడాప్టర్లు, మానిటరింగ్ మాత్రం ఎవరివి వాళ్లవే. మారేటప్పుడు డబ్బు, కాలం తినేవి అవే.

లైసెన్సు సంగతీ చూడాలి. 2017లో ఇంగ్లండు హైకోర్టు శాప్‌కు, డియాజియో అనే మద్యం కంపెనీకి మధ్య కేసులో తీర్పిచ్చింది. డియాజియో సేల్స్‌ఫోర్స్ అనే వేరే కంపెనీ క్లౌడ్ మీద కట్టుకున్న యాప్‌లు శాప్ పీఐ గుండా లోపలి డేటాను వాడుకున్నాయి. వాటిని వాడినవాళ్లకూ లైసెన్సు కావాల్సిందేనని కోర్టు తేల్చింది. పీఐకి డబ్బు కట్టేశాం కదా అన్న వాదన నిలవలేదు. 2018లో శాప్ డాక్యుమెంట్ల లెక్కన కట్టే పద్ధతి కూడా తెచ్చింది. కాబట్టి ఇంటర్‌ఫేసు గీసే ముందు, రోజుకు ఎన్ని ఆర్డర్లు, ఎన్ని ఇన్‌వాయిస్‌లు శాప్‌లో పుడతాయో అంచనా వేసి పెట్టుకోండి.

[తెర మీద: కాటా చీటీ నమూనా]

ఇక పనులు ఎక్కడ చెడతాయి? మళ్లీ యార్డు. మొట్టమొదటి జబ్బు, ధర నిర్ణయించే పని హమాలీకి అప్పజెప్పడం. "తేమ ఎక్కువైతే ఇంత కోత" అన్న నియమాన్ని ఎవరో తొందరలో బస్సులోని మ్యాపింగ్‌లో రాసేస్తారు. ఆర్నెల్లకు కోత శాతం మారుతుంది, బిల్లింగ్‌లో మార్చినా పాత లెక్కే వస్తుంది. నియమం ఎక్కడుందో ఎవరికీ గుర్తుండదు. బస్సులో ఉండాల్సినవి దారి చూపడం, రూపం మార్చడం, మళ్లీ ప్రయత్నించడం. వ్యాపార నియమం దాని సర్వీసులోనే ఉండాలి.

రెండోది కొలత. సందేశంలో పరిమాణం 120 అని వచ్చింది. 120 ఏమిటి? టిక్కీలైతే, ఒక్కోటి 40 నుంచి 45 కిలోలు అనుకుంటే, 48 నుంచి 54 క్వింటాళ్లు. క్వింటాళ్లే అయితే 120. ధర క్వింటాలుకు, కాటా కిలోల్లో. అందుకే ప్రతి అంకె పక్కన అది టిక్కీలా, కిలోలా, క్వింటాళ్లా అన్న యూనిట్, సంచి బరువు తీశారా లేదా అన్న గడి తప్పనిసరి. అలాగని కంపెనీ మొత్తానికీ పనికొచ్చే ఒకే మహా నమూనా తయారు చేద్దామని కూర్చోవద్దు. మూడొందల గడుల పత్రం తయారై, అందులో రెండొందల డెబ్భై ఖాళీగా తిరుగుతాయి. రెండు మూడు సిస్టమ్‌లు నిజంగా పంచుకునే గడులతోనే మొదలుపెట్టండి.

పేర్ల దగ్గర ఇంకో చిక్కు. పాత సాఫ్ట్‌వేర్‌లో రైతు పేరు 'అను' అనే పాత తెలుగు ఫాంట్లలో ఉంటే అది అన్ని కంప్యూటర్లకూ ఒకేలా అర్థమయ్యే యూనికోడ్ కాదు. అవతల చేరేసరికి అర్థం లేని గుర్తులవుతుంది. మార్పిడి మూలం దగ్గరే ఒక్కసారి చేసి, యూనికోడ్ రూపమైన యూటీఎఫ్-8లో పంపాలి.

మూడోది, నా దృష్టిలో అన్నిటికన్నా ప్రమాదం, ఒకే చీటీకి రెండుసార్లు డబ్బు. చెల్లింపు సర్వీసుకు సందేశం పంపారు, జవాబు రాకుండానే 30 సెకన్ల గడువు దాటింది. బస్సు మళ్లీ పంపింది. మొదటిది నిజానికి చేరింది, జవాబే దారిలో పోయింది! ఎమ్‌క్యూ ఇచ్చే భరోసా తన క్యూ వరకే, బ్యాంకు వరకూ కాదు. మందు ఏమిటంటే, కాటా చీటీ నంబరే సందేశానికి గుర్తు కావాలి. ప్రతి ప్రయత్నానికీ కొత్త గుర్తు పుట్టించకూడదు. అందుకునే సర్వీసు ఆ గుర్తును ముందే చూసి ఉంటే పని మళ్లీ చేయదు, పాత జవాబే ఇస్తుంది. ఈ-ఇన్‌వాయిస్‌లో ఇది చక్కగా ఉంది. అమ్మేవారి జీఎస్‌టీ నంబరు, పత్రం రకం, పత్రం నంబరు, ఆర్థిక సంవత్సరం, ఈ నాలుగింటి నుంచే 64 అక్షరాల ఐఆర్‌ఎన్, అంటే ఇన్‌వాయిస్ గుర్తింపు నంబరు, పుడుతుంది. అదే ఇన్‌వాయిస్ మళ్లీ పంపితే డూప్లికేట్ అని తిప్పి కొడుతుంది. అది లోపం కాదు, మీ ప్రోగ్రాం దాన్ని "ముందే అయింది" అని తీసుకోవాలి.

టైము అయిపోతోంది, మిగతావి గబగబా. మళ్లీ ప్రయత్నించేటప్పుడు 5, 25, 125 సెకన్లు అలా ఎడం పెంచండి, ఆ తర్వాత విడిగా చెడిన సందేశాల క్యూలో వేయండి. ఆ క్యూను రోజూ చూసే మనిషి ఎవరో పేరు రాసి పెట్టండి. కాంట్రాక్టులో కొత్త గడి చేర్చొచ్చు, ఉన్నదాని అర్థం మార్చకూడదు. మార్చాల్సి వస్తే కొత్త వెర్షన్ ఇచ్చి, పాతది ఆపే తేదీ ముందే చెప్పాలి.

శాప్ పీఓ వాడుతున్నవాళ్లకు ఒక్క మాట. దాని మామూలు మెయింటెనెన్స్ 2027 చివరి వరకే, ఆపైన అదనపు రుసుము కట్టి 2030 దాకా. ఇప్పుడే ఇంటర్‌ఫేసుల జాబితా తీయండి. ఏడాదిగా ఒక్క సందేశం కూడా పోనివి పక్కన పెట్టండి, ఏడాదికోసారే నడిచే ఆడిట్, సీజను ముగింపు లెక్కలవి తప్ప. మిగిలినవాటిలో వ్యాపార నియమాలు దాక్కున్న మ్యాపింగులు ముందు పట్టుకుని, ఆ నియమాలను సర్వీసుల్లోకి తరలించండి. మామూలుగా మోసే ఇంటర్‌ఫేసులు ఆ తర్వాత మార్చినా ఇబ్బంది లేదు.