జింకల మేత చేనుకు తోడు పంట ఎంపిక

సభకు నమస్కారం.

అమెరికా మధ్య పశ్చిమ రాష్ట్రాల్లో సొంత భూమి ఉన్నవారు తెల్లతోక జింకల కోసం అరెకరమో ఎకరమో మేత చేను వేయడం మామూలే. అందులో చాలామంది నమ్ముకునే ప్రధాన పంట తెల్ల క్లోవర్ అనే పప్పుజాతి పచ్చిమేత మొక్క. దానికి తోడు పంటను ఎంచేటప్పుడు జింక దేన్ని ఇష్టంగా తింటుందన్నది రెండో విషయమనీ, క్లోవర్ నిలదొక్కుకునే దాకా కాచి, ఆపైన అడ్డు తొలగిపోయే పంట ఏదన్నదే మొదట చూడాలనీ నా అభిప్రాయం.

క్లోవర్ గింజలు ఒక్క పౌండుకు ఏడెనిమిది లక్షలు తూగుతాయి. అంత చిన్న గింజ పావు అంగుళం కంటే లోతున పడితే మొలక పైకి రావడం కష్టం. వచ్చినా మొదట్లో ఎదుగుదల నెమ్మది కాబట్టి ఈలోగా కలుపు కమ్ముతుంది, ఉన్న కాస్త ఆకునూ జింకలు కొరికేస్తాయి. ఆగస్టు చివర్లో ఓట్స్ కలిపి విత్తితే అది ముందుగా లేచి నేలను కప్పి, జింకల మూతిని తనవైపు తిప్పుకుంటుంది. అక్కడి గడ్డు చలికి తనంతట తానే చచ్చి, వసంతంలో వెలుతురంతా క్లోవర్‌కు వదిలేస్తుంది. గోధుమను పోలిన ధాన్యపు పంట రై మాత్రం చలిని తట్టుకుని ఏపుగా పెరుగుతుంది కనుక, వెన్ను తీయకముందే కోయక తప్పదు. అయితే నేల నిస్సారమైనప్పుడు, అదును దాటినప్పుడు నేనూ రైకే ఓటు వేస్తాను.

మోతాదు దగ్గరే ఎక్కువమంది చేయి జారుతుంది. ఓట్స్ ఒక్కటే వేసేటప్పుడు ఎకరాకు వాడే 100 పౌండ్లలో సగం చాలు. దాన్ని అంగుళం లోతున కప్పి, నేలను రోలర్‌తో అణిచాక, రైజోబియం (వేళ్లలో చేరి గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే బాక్టీరియా) పట్టించిన క్లోవర్ గింజలను పైన చల్లి మరోసారి రోలర్ తిప్పాలి. నత్రజని ఎక్కువైతే ఓట్స్ దుబ్బు కట్టి క్లోవర్‌ను అణగదొక్కుతుంది. ముల్లంగి లాంటి దుంప టర్నిప్ గింజలు వేసినా గుప్పెడుకు మించి కలపకండి.

దక్షిణాది రాష్ట్రాల వేసవి చేనుకు లెక్క వేరు. అక్కడి మేత మనమెరిగిన అలసంద, చిక్కుడు. వీటి లేత మొలకను బీజదళాల కిందికి కొరికితే మళ్లీ చిగురించదు కాబట్టి, మొలకకు మరుగుగానూ తీగకు ఊతగానూ జొన్నను తోడు వేస్తారు. జొన్నలో కంది వేసే తెలంగాణ రైతుకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు.

ఏ జోడీ వేసినా చేను మధ్య ఒకచోట నాలుగడుగుల ఎత్తు ఇనుప తీగ వలను గుండ్రంగా నిలబెట్టండి. వల లోపల మొక్క బాగా ఎదిగి, బయట మోడుగా మిగిలితే, లోపం తోడు పంటలో లేదు, జింకలకు ఆ చేను చాలడం లేదు; అప్పుడు విత్తనం మార్చడం కన్నా విస్తీర్ణం పెంచడమే మేలు.