పాత స్పోర్ట్స్ కారు, దాని పుట్టుక కాగితాలు

సభకు వచ్చిన పెద్దలకు, ఆటోనగర్ మెకానిక్ అన్నలకు, పాలిటెక్నిక్ నుంచి వచ్చిన పిల్లలకు నమస్కారం.

విదేశాల నుంచి పాత స్పోర్ట్స్ కారు తెప్పించుకోవచ్చా అని నన్ను అడిగేవాళ్లు ఈ మధ్య పెరిగారు. నెల్లూరులో, ఒంగోలులో బ్రిటన్‌కో అమెరికాకో వెళ్లి స్థిరపడిన పిల్లలున్న ఇళ్లు తక్కువేం కాదు. అక్కడ మోజుపడి కొన్న కారును ఇంటికి తెచ్చుకోవాలని వాళ్లకు ఉంటుంది. తెచ్చుకోవచ్చు. అయితే కారు వయసెంత, అది పుట్టినప్పటి రూపంలోనే ఉందా అనే రెండు ప్రశ్నలకు కాగితం మీద జవాబు ఉండాలి. బేరం కన్నా ముందు ఆ కాగితాలు చూడండి అని చెప్పడానికే వచ్చాను.

ముందు వయసు సంగతి. వాడిన కారును మామూలు దారిలో దిగుమతి చేసుకోవాలంటే అది తయారై మూడేళ్లు దాటకూడదు. స్టీరింగ్ కుడివైపు ఉండాలి, స్పీడోమీటర్ కిలోమీటర్లలో చూపాలి, ముంబై రేవులోనే దిగాలి. ఇక రెండో దారి పాతకాలపు బళ్లది. చాలా ఏళ్లపాటు 1950 జనవరి 1కి ముందు తయారైన వాటికే ఆ దారి తెరిచి ఉండేది. అంటే అరవైల నాటి అందమైన కార్లన్నీ బయటే. 2025లో విదేశీ వాణిజ్య విభాగం దాన్ని మార్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటితే చాలు. ఇది ఏటా ముందుకు జరిగే గీత కాబట్టి ప్రతి సంవత్సరం కొత్తగా కొన్ని మోడళ్లు అందులోకి వస్తుంటాయి. 1961లో జెనీవా ప్రదర్శనలో బయటికొచ్చిన జాగ్వార్ ఈ-టైప్, 1962 నాటి ఎంజీబీ, తొలినాళ్ల పోర్షే 911 ఇప్పుడు ఈ గీతకు ఇవతలికి వచ్చాయి.

మూడేళ్లు దాటి యాభై నిండని కారే ఇబ్బంది. కుర్రాళ్లు ఎక్కువగా అడిగేది 1989 నాటి నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ గురించి. అమెరికాలో పాతికేళ్ల నిబంధన ఉంది కాబట్టి వాళ్లకు అది 2014లోనే అందింది. కెనడాలో పదిహేనేళ్లకే అనుమతి. మన లెక్కలో 2039 దాకా ఆగాలి. అమెరికాలో తిరిగే బండి ఇక్కడెందుకు తిరగదని అడిగితే లాభం లేదు, ఏ దేశం గీత ఆ దేశానిదే.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. మన చట్టం అడిగేది మొదటి రిజిస్ట్రేషన్ తేదీ. బ్రిటన్ లాగ్‌బుక్‌లో, అంటే అక్కడి రిజిస్ట్రేషన్ పత్రంలో, అది స్పష్టంగా ఉంటుంది. జపాన్ ఎగుమతి పత్రంలో కూడా ఏ సంవత్సరం, ఏ నెల అన్నది ఉంటుంది. అమెరికా టైటిల్‌లో, అంటే యాజమాన్య పత్రంలో, మాత్రం చాలావరకు మోడల్ సంవత్సరమే కనిపిస్తుంది. గీత అంచున ఉన్న కారుకు ఇది పెద్ద టెన్షన్. బ్రిటిష్ మోటార్ మ్యూజియం ఎంజీ లాంటి కార్లకు హెరిటేజ్ సర్టిఫికెట్ ఇస్తుంది. కారు ఏ రోజు తయారైంది, ఏ రంగుతో బయటికొచ్చింది, ఇంజిన్ నంబర్ ఎంత అన్నవి పాత ఫ్యాక్టరీ రికార్డు నుంచి తీసి అందులో రాస్తారు. రిజిస్ట్రేషన్ తేదీకి అది బదులు కాదు గానీ, కారు పుట్టుక గురించి అంతకన్నా గట్టి సాక్ష్యం దొరకదు. కొనేముందే తెప్పించుకోండి.

తర్వాత నంబర్లు. మన రవాణా శాఖ ఆఫీసులో ఛాసిస్ మీద, అంటే బండి అడుగు చట్రం మీద, చెక్కిన నంబర్‌కు ప్రింట్ ఎలా తీస్తారో మీలో చాలామందికి తెలుసు. నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అంకెలు తేలతాయి. బయట బాగుచేయించిన కారు అద్దంలా మెరుస్తుంది, కానీ పెయింటర్ నాలుగు పూతలు కొట్టి ఆ అంకెల గుంతలు పూడ్చేసి ఉంటాడు. అప్పుడు పెన్సిల్ కింద ఏమీ తేలదు. ఆ రంగు గోకితే అంకె అంచు చెదిరిపోతుంది, దిద్దినట్టు కనిపిస్తుంది. అందుకే కొనేముందు అమ్మేవాళ్లనే ప్రింట్ తీసి ఫోటో పంపమనండి. లాగ్‌బుక్ అంకెలతో ఒక్కొక్కటే సరిచూసుకోండి. సున్నాకూ ఇంగ్లీషు ‘O’ అక్షరానికీ తేడా కూడా వదలొద్దు.

2021 జూలైలో కేంద్రం వింటేజ్, అంటే పాతకాలపు, బళ్ల రిజిస్ట్రేషన్‌కు ప్రత్యేక నియమాలు తెచ్చింది. ఛాసిస్, బాడీ, ఇంజిన్ మార్చకుండా అసలు రూపంలో ఉన్న సొంత వాహనాలకే అవి వర్తిస్తాయి. దరఖాస్తు ఫారం 20లో పెట్టాలి, దానితో పాటు ఇన్సూరెన్స్, దిగుమతి బండికి బిల్ ఆఫ్ ఎంట్రీ అనే కస్టమ్స్ పత్రం జతచేయాలి. కొత్త రిజిస్ట్రేషన్‌కు ఫీజు 20,000 రూపాయలు, అది పదేళ్లు చెల్లుతుంది. అరవై రోజుల్లో సర్టిఫికెట్ ఇవ్వాలని నియమం. నంబర్ పలక మీద రాష్ట్రం అక్షరాల తర్వాత వీఏ అని వస్తుంది. మన బళ్ల మీద ఏపీ 26, ఏపీ 27 చూసిన కళ్లకు అది కొత్తగా ఉంటుంది.

ఆ పలక ఉన్న కారును రోజూ తిప్పకూడదు. ప్రదర్శనకు, ర్యాలీకి, సాంకేతిక పరిశోధనకు, పెట్రోలుకు, రిపేరుకు తప్ప రోడ్డెక్కకూడదు. ఇంత ఖర్చుపెట్టి ఇదేమిటని కొందరు బాధపడతారు. నేను మాత్రం ఈ నియమం వైపే. నెల్లూరు, కావలి, ఒంగోలు మీదుగా పోయే 16వ నంబర్ హైవేలో గ్రానైట్ లారీల మధ్య, సీటు బెల్టు కూడా లేని అరవైల నాటి కారులో నేను నా పిల్లల్ని ఎక్కించను.

ఎడమ స్టీరింగ్ గురించి ఒక మాట. మోటారు వాహనాల చట్టం 120వ సెక్షన్ ప్రకారం, పనిచేసే సిగ్నల్ పరికరం లేకుండా ఎడమ స్టీరింగ్ బండిని రోడ్డు మీద నడపకూడదు. కుడివైపుకి మార్పిస్తే సరిపోతుంది కదా అనుకుంటే, అసలు రూపం చెడిందనే ప్రశ్న వస్తుంది. బ్రిటన్‌లోనే కుడి స్టీరింగ్‌తో పుట్టిన కారు వెతకండి.

సుంకం సంగతి క్లుప్తంగా. అది కారు ధర ఒక్కదాని మీదే పడదు, ఓడ కిరాయి, బీమా కలిపిన విలువ మీద పడుతుంది. దాని మీద జీఎస్టీ. కారు ధర కన్నా ఇక్కడ కట్టేదే ఎక్కువ కావచ్చని ముందే లెక్కేసుకోండి. కృష్ణపట్నం రేవు మన పక్కనే ఉంది కదా అని ప్రతి బండినీ అక్కడ దించడానికి వీల్లేదు. చీమకుర్తి రాయి ఎగుమతి చేసేవాళ్లకు కస్టమ్స్ బ్రోకర్లు బాగా తెలుసు. కారు ఓడ ఎక్కకముందే వాళ్లతో మాట్లాడి ఏ రేవు, ఏ సుంకం అన్నది రాతపూర్వకంగా తీసుకోండి.

కారు ఇంటికొచ్చాక కొత్త పని మొదలవుతుంది. ఇప్పుడు మన బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ తేమను పీలుస్తుంది, పాత రబ్బరు గొట్టాలను పాడుచేస్తుంది. మనది సముద్రపు గాలి. నెలల తరబడి నిలబెట్టిన కారులో ట్యాంకు లోపలి నుంచే తుప్పు పడుతుంది. ఇథనాల్‌ను తట్టుకునే గొట్టాలు వెంటనే మార్పించండి. వాల్వ్ సీట్లు అరగకుండా కాపాడిన సీసం కలిసిన పెట్రోలు 2000లోనే మన దేశంలో ఆగిపోయింది కాబట్టి ఆ కాలం ఇంజిన్ హెడ్‌కు గట్టి వాల్వ్ సీట్లు వేశారో లేదో కూడా అడగండి.

ఏ కారు కొనమంటారని అడిగితే, ఈ-టైప్ కన్నా ముందు ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ పేరే చెబుతాను. 1962లో వచ్చిన చిన్న రెండు సీట్ల బండి. హెరాల్డ్ కారు ఛాసిస్‌నే పొట్టిచేసి దాన్ని కట్టారు. ఆ హెరాల్డ్‌నే మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ కంపెనీ తయారుచేసింది, మన ఊళ్లలోనూ తిరిగింది. దాని ముందు సస్పెన్షన్ విప్పి బిగించిన చేతులు ఈ హాల్లో కూడా ఉండవచ్చు. హెరాల్డ్ పని తెలిసిన పెద్దలు ఎవరున్నా వెళ్లేముందు నిర్వాహకుల దగ్గర పేరు రాయించండి. పాలిటెక్నిక్ పిల్లలు మీ షెడ్డుకు వచ్చి ఆ పని నేర్చుకుంటామని అడుగుతున్నారు.