ఆపరేషన్ చేస్తే మళ్లీ నడుస్తాడా? వెన్నుపాము దెబ్బ, చికిత్స, పరిశోధనలు

(తెర మీద: హిందూపురం మార్కెట్లో రాశులు పోసిన చింతపండు)

నమస్కారం. ఫిబ్రవరి, మార్చి వచ్చిందంటే హిందూపురం, మడకశిర, కదిరి వైపు చింతచెట్ల కింద ఒకటే సందడి. ఆ కాయలు దులపడానికి చెట్టెక్కేది కూలికొచ్చిన మనిషి. కొమ్మ విరిగి పడితే నడుమో మెడో దెబ్బతింటుంది. హైవే మీద బైకు పడినా, మిద్దె మీంచి జారినా అంతే.

పడిన మనిషిని చూడగానే ఒకరు చంకలు, ఒకరు కాళ్లు పట్టుకుని ఎత్తి ఆటోలో కూర్చోబెడతారు. కంగారులో చేసే పనే, కానీ దయచేసి అలా ఎత్తకండి. విరిగిన పూస ఆ కుదుపుకే కదిలి వెన్నుపామును ఇంకా నలిపేస్తుంది. 108కి ఫోన్ చేసి, వాళ్లొచ్చేదాకా తల, మెడ కదలకుండా పట్టుకోండి. తప్పనిసరిగా కదపాల్సి వస్తే నలుగురు కలిసి తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండేలా ఒక్కసారిగా దొర్లించి, వెడల్పాటి చెక్క మీదికి చేర్చండి. మంచినీళ్లు తాగించొద్దు.

(తెర మీద: వెన్నుపూసలు, వాటి మధ్య వెన్నుపాము బొమ్మ)

ఆస్పత్రిలో ఇంటివాళ్లు మొదట అడిగేది, "ఆపరేషన్ చేస్తే నడుస్తాడా సార్?" అని. దీనికి సూటిగా జవాబు చెప్పుకుందాం. వెన్నుపాము చిటికెన వేలంత లావుంటుంది. తెగిన నరాలను అతికించే ఆపరేషన్ ఇంకా రాలేదు. డాక్టర్లు చేసేవి రెండు పనులు: వెన్నుపాము మీద ఒత్తుతున్న ఎముక ముక్కలు, రక్తపు గడ్డలు తీసేయడం, జారిన పూసలను స్క్రూలు, రాడ్లతో బిగించడం.

అంతమాత్రానికి ఆపరేషన్ ఎందుకంటారా? దెబ్బ తగిలిన క్షణంలో చచ్చిపోయే కణాలు కొన్నే. తర్వాత వాపు పెరిగి, రక్తం అందక, పక్కనున్న మంచి కణాలు కూడా గంటలు, రోజుల తరబడి చచ్చిపోతూ ఉంటాయి. ఆ రెండో నష్టాన్ని తగ్గించడానికే ఈ హడావుడంతా. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్న 313 మంది మీద చేసిన అధ్యయనం 2012లో వచ్చింది. 24 గంటల్లోపు ఆపరేషన్ అయినవాళ్లలో 19.8 శాతం మంది ఆరు నెలలకు కనీసం రెండు మెట్లు మెరుగయ్యారు. ఆలస్యమైనవాళ్లలో 8.8 శాతమే. అందుకే మొదట చేరిన ఆస్పత్రిలోనే అడగండి: "ఇక్కడ వెన్నుపూసల ఆపరేషన్ చేస్తారా?" చేయకపోతే కర్నూలు పెద్దాసుపత్రికో, బెంగళూరుకో ఆ రాత్రే బయలుదేరాలి. తెల్లారాక చూద్దాం అనుకోవద్దు.

మెట్లు అన్నాను కదా. దెబ్బ తీవ్రతను చెప్పే మెట్లవి, A నుంచి E వరకు అయిదుంటాయి, A అన్నిటికంటే తీవ్రం. డాక్టరు దూదితో, పిన్నుతో ఒళ్లంతా తాకి చూసి, చివర్లో మలద్వారం దగ్గర కూడా స్పర్శ ఉందా, బిగించగలుగుతున్నాడా అని చూస్తారు. ఇంటివాళ్లు ఇబ్బంది పడతారు గానీ ఆ పరీక్షే కీలకం. వెన్నుపాము చిట్టచివరి నరాలు అక్కడివి. అక్కడ కొంచెం తెలిసినా సందేశాలు కిందిదాకా దిగుతున్నట్టే. కోలుకునే అవకాశం చాలా పెరుగుతుంది. మొదటి రోజుల్లో వెన్నుపాముకు తగిలిన షాక్ వల్ల ఏమీ తెలియకపోవచ్చు కాబట్టి మళ్లీ మళ్లీ చూస్తారు.

(తెర మీద: వాకర్ పట్టుకుని నడుస్తున్న మనిషి)

ఇక పరిశోధనలు. స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌లో గ్రెగ్వార్ కుర్తీన్, జొసెలిన్ బ్లాక్ బృందం మెదడులోంచి ఆలోచనను పట్టి, దెబ్బ తగిలిన చోటును దాటించి, వెన్నుపాముకు కరెంటు సంకేతంగా పంపింది. 2023లో ప్రకటించిన ఈ పద్ధతితో ఓ డచ్ మనిషి చేతికర్రల సాయంతో నడిచాడు. 2024లో ఇంకోటి వచ్చింది. కోత లేకుండా మెడ వెనక చర్మం మీద కరెంటు పంపే బిళ్లలు (ఎలక్ట్రోడ్లు) అంటించి, దాంతోపాటు చేతుల వ్యాయామం చేయించారు. 60 మందిలో 72 శాతం మందికి చేతుల బలం, పనితీరు రెండూ మెరుగయ్యాయి. ఏళ్ల కిందట దెబ్బ తగిలినవాళ్లూ అందులో ఉన్నారు. నాకు ఎక్కువ ఆశ కలిగించింది ఇదే. జపాన్‌లో కేయో యూనివర్సిటీ వాళ్లు స్టెమ్ సెల్స్ (రకరకాల కణాలుగా మారగల మూలకణాలు) నలుగురికి ఎక్కిస్తే ఇద్దరికి మెరుగుదల కనిపించిందని 2025లో చెప్పారు. నలుగురితో ఏదీ తేల్చలేం.

ఈ స్టెమ్ సెల్స్ పేరుతోనే మన దగ్గర లక్షలు గుంజుతున్నారు. దేశంలో వైద్య పరిశోధనలను చూసే కేంద్ర సంస్థ ఐసీఎంఆర్ మార్గదర్శకాల ప్రకారం వెన్నుపాము దెబ్బకు స్టెమ్ సెల్స్ వాడాలంటే అనుమతి ఉన్న ప్రయోగ పరీక్షలోనే (ట్రయల్) వాడాలి, చేరినవాళ్ల దగ్గర దానికి డబ్బు తీసుకోకూడదు. కాబట్టి ఎవరైనా రేటు చెప్పారంటే లేచి వచ్చేయండి. ఉన్న ఎకరం అమ్ముకోకండి.

ఆ డబ్బు, ఓపిక ఫిజియోథెరపీకి పెట్టండి. కీళ్లు బిగుసుకుపోయి, వీపు నిండా పుండ్లుంటే రేపు మంచి చికిత్స వచ్చినా ఆ ఒళ్లు దానికి పనికిరాదు. మన రాయవేలూరు సీఎంసీ ఆస్పత్రిలో ఇలాంటివాళ్ల కోసం పునరావాస కేంద్రాన్ని 1966లో మొదలుపెట్టింది డాక్టర్ మేరీ వర్ఘీస్. 1954లో రోడ్డు ప్రమాదంలో ఆమె రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. ఆ తర్వాత తాను వీల్‌చైర్లో కూర్చుని, కుష్టురోగుల చేతులకు ఆపరేషన్లు చేసిందామె. కడప, అనంతపురం వాళ్లు ఇప్పటికీ అక్కడికి వెళ్తుంటారు.

ఇంటికొచ్చాక రెండు గంటలకోసారి పక్క తిప్పండి. పిరుదుల మధ్య ఎముక, తుంటి, మడమలు రోజూ చూడండి. చర్మం ఎర్రబడి, ఒత్తినా తెల్లబడకపోతే ఆ వైపు ఇక పడుకోబెట్టొద్దు. దెబ్బ తగిలిన చోటుకు కింద సరిగా చెమట పట్టదు. అనంతపురం మే నెల ఎండలో ఒళ్లు చల్లబడే దారుండదు కాబట్టి తడిగుడ్డతో తుడుస్తూ ఉండండి. మెడ, ఛాతీ పైభాగంలో దెబ్బ ఉన్నవాళ్లకు హఠాత్తుగా తల పగిలేంత నొప్పి వచ్చి, మొహం ఎర్రబడి చెమటలు పడితే ఎండదెబ్బ అనుకోకండి. మూత్రం పైపు మడతపడో, మలబద్ధకం వల్లో బీపీ ఎగబాకి ఉంటుంది. వెంటనే లేపి కూర్చోబెట్టండి, బట్టలు వదులు చేయండి, పైపు సరిచేయండి. అప్పటికీ తగ్గకపోతే 108కి ఫోన్ చేసి, వెన్నుపాము దెబ్బ ఉన్న మనిషి అని ముందే చెప్పండి.