సోలార్ ప్యానెళ్లకంటే ముందు స్టీమ్ ట్రాప్

అందరికీ నమస్కారం. డిసెంబరు 14 జాతీయ ఇంధన పొదుపు దినోత్సవం. ఈ రోజున లైట్లు, ఫ్యాన్ల గురించి మాట్లాడటం ఆనవాయితీ. మందుల ముడిసరుకు తయారుచేసే మనలాంటి బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీలో వాటికయ్యే ఖర్చు ఎంతని? బిల్లు పెరిగేది బాయిలర్, చిల్లర్, కంప్రెసర్ల దగ్గర. కాబట్టి నేను నేరుగా బాయిలర్ హౌస్‌కే వస్తాను.

బొగ్గులో ఉన్న కార్బన్ ఒక కిలో పూర్తిగా మండితే 3.67 కిలోల కార్బన్ డయాక్సైడ్ పొగగొట్టం నుంచి పోతుంది. అలా కాచిన ఆవిరి రియాక్టర్ చుట్టూ ఉండే తొడుగులో, అంటే జాకెట్‌లో, వేడినిచ్చి కండెన్సేట్ అవుతుంది, అంటే మళ్లీ వేడినీరుగా మారుతుంది. ఆవిరికి మనం పెట్టిన వేడిలో సుమారు ఐదో వంతు ఆ నీళ్లలోనే మిగిలి ఉంటుంది. అది శుద్ధి చేసిన నీరు కూడా. బాయిలర్‌కు వెళ్లే నీటి వేడి 6 డిగ్రీలు పెరిగితే ఇంధనం దాదాపు 1 శాతం తగ్గుతుంది. అలాంటి నీళ్లను డ్రైన్‌లోకి వదిలేస్తున్నాం.

ఎందుకు వదులుతున్నామో చెబుతాను. బ్యాచ్ మొదట్లో జాకెట్ చల్లగా ఉంటుంది, కండెన్సేట్ ఒక్కసారిగా వస్తుంది. ఆవిరిని ఆపి నీటిని మాత్రమే బయటికి వదిలే పరికరం స్టీమ్ ట్రాప్. అది చిన్నదైతే అంత నీటిని ఒకేసారి వదల్లేదు. వేడి ఎక్కడం లేదని ఆపరేటర్, ట్రాప్‌ను తప్పించి నీటిని నేరుగా డ్రైన్‌లోకి పంపే బైపాస్ వాల్వ్ తిప్పుతాడు. అరగంటకు వేడెక్కుతుంది, ఈలోగా అతనికి ఇంకో రియాక్టర్ దగ్గర పని పడుతుంది. బైపాస్ షిఫ్టు మారినా తెరిచే ఉంటుంది, అందులోంచి పోయేది ఇక నీరు కాదు, ఆవిరే. దీనికి ఆపరేటర్‌కు మెమో ఇస్తే ఏం లాభం? తప్పు ట్రాప్ సైజుది. దాన్ని మార్చండి.

కంప్రెస్డ్ ఎయిర్ సంగతి ఇంతకన్నా సులువు. ప్లాంటు ఆగిన రోజు గాలి వాడే యంత్రాలన్నీ ఆపి, కంప్రెసర్ ఒక్కటే నడపండి. ఎవరూ వాడకపోయినా అది మాటిమాటికీ లోడ్ అవుతుంటే, అంటే గాలి నింపడం మొదలుపెడుతుంటే, ఆ గాలంతా లీకులకే పోతున్నట్టు. పంపులకు వాల్వ్ సగం మూసి నడిపే అలవాటు మానేసి, మోటారు వేగాన్ని అవసరానికి తగ్గట్టు మార్చే వీఎఫ్‌డీ పెట్టండి. వేగం 20 శాతం తగ్గితే, స్టాటిక్ హెడ్ (నీటిని పైకి ఎత్తాల్సిన ఎత్తు) తక్కువున్న లైన్లో కరెంటు దాదాపు సగమవుతుంది.

జర్మనీలోని లుడ్విగ్స్‌హాఫెన్‌లో 2024లో బీఏఎస్ఎఫ్, సాబిక్, లిండే కలిసి పెట్రో ముడిసరుకును వేడితో చిన్న అణువులుగా విడగొట్టే క్రాకర్ ఫర్నేసులను కరెంటుతో నడిపేలా ప్రయోగాత్మకంగా మొదలుపెట్టాయి. అక్కడ 850 డిగ్రీల వేడి కావాలి. చదవడానికి బాగుంటుంది, మన అవసరం మాత్రం అది కాదు. మనకు కావలసింది చాలావరకు 150 డిగ్రీల లోపు వేడి.

ఎక్కువ ఇంధనం వాడే పరిశ్రమలకు పొదుపు లక్ష్యాలు పెట్టేందుకు 2012లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పాట్ పథకం తొలి జాబితాలో క్లోర్-ఆల్కలీ, ఎరువుల కర్మాగారాలు ఉన్నాయి, బల్క్ డ్రగ్ లేదు. నోటీసు రాలేదు కదా అని కూర్చోకండి, కార్బన్ లెక్క అడిగే విదేశీ కొనుగోలుదారులు ఇప్పటికే ఉన్నారు.

ఆవిరి, గాలి, కరెంటు చూసుకునే యుటిలిటీస్ వాళ్లు వచ్చే షట్‌డౌన్‌లో ఆ కంప్రెసర్ పరీక్ష చేయండి. ట్రాపులన్నింటికీ నంబర్ ట్యాగులు కట్టండి. బైపాస్ తెరిచినవాళ్లు షిఫ్ట్ లాగ్‌లో ఆ నంబరు, టైము రాస్తే చాలు, నెల తిరిగేసరికి ఏ ట్రాప్ చాలడం లేదో తెలిసిపోతుంది.