కోలాటం కర్రలు చేతికిచ్చే ముందు

సభకు నమస్కారం.

నా ఎదుట కూర్చున్నవారిలో ఎక్కువమంది విజయవాడ పేటల్లో భజన బృందాలు నడిపేవారు, కోలాటం నేర్పేవారు, సంగీతోపాధ్యాయులు. మిగిలినవారు డిమెన్షియా, అంటే జ్ఞాపకం, ఆలోచన క్రమంగా తగ్గిపోయే జబ్బు, ఉన్న తల్లినో, తండ్రినో, భర్తనో ఇంట్లో చూసుకుంటున్నవారు. నేను ఫిజియోథెరపిస్టును, ఇలాంటి పెద్దల కోసం ఆటపాటల తరగతి నడుపుతున్నాను. మీ పేటలోనూ అలాంటి తరగతి మొదలుపెట్టాలంటే ఏమేమి తెలిసి ఉండాలో చెప్పడానికే వచ్చాను.

ముందుగా, ఈ తరగతి దేనికి కాదో చెప్పాలి. నాట్యం చేస్తే మతిమరుపు రాదన్న వార్తలు మీరు చదివే ఉంటారు. వాటిలో చాలావాటికి ఆధారం 2003లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనం. 75 ఏళ్లు దాటిన 469 మందిని ఏళ్ల తరబడి గమనించగా, శారీరక వ్యాపకాల్లో నాట్యం ఒక్కటే డిమెన్షియా ముప్పు తక్కువగా ఉండటంతో ముడిపడి కనిపించింది. అయితే వారంతా మొదట్లో ఆ జబ్బు లేనివారు. పైగా, జబ్బు బయటపడక ముందే మెదడు మందగించినవారు నాట్యం మానేసి ఉండే అవకాశమూ ఉంది. జబ్బు వచ్చినవారికి కోలాటం వేయిస్తే జ్ఞాపకం తిరిగి వస్తుందని ఆ అధ్యయనం చెప్పలేదు. సంగీతం విషయంలో సాక్ష్యం కొంత గట్టిది. వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2018లో 22 ప్రయోగాలను పరిశీలించి చేసిన సమీక్ష, కనీసం అయిదు తరగతులు జరిగినచోట దిగులు తగ్గుతుందనీ, ప్రవర్తనలోని ఇబ్బందులు మొత్తం మీద మెరుగుపడతాయనీ, ఆలోచనాశక్తిలో మాత్రం పెద్దగా మార్పు ఉండకపోవచ్చనీ తేల్చింది. తరగతులు ఆగిపోయాక ఆ మేలు నిలుస్తుందో లేదో స్పష్టం కాలేదు. అందుకే ఒక్కరోజు శిబిరం పెట్టి, బ్యానరు కట్టి, ఫొటోలు తీసుకుని వెళ్లిపోయే పద్ధతి నాకు నచ్చదు. చిన్నదైనా సరే, వారం వారం అదే చోట, అదే వేళకు, అవే ముఖాలతో జరిగేదే తరగతి.

మరి కన్నకూతురి పేరు మరిచిన తల్లికి పాట ఎలా గుర్తుంటుంది? డిమెన్షియాకు ఎక్కువగా కారణమయ్యే అల్జీమర్స్ జబ్బు సాధారణంగా మెదడులో హిప్పోకాంపస్ అనే భాగాన్నీ, దాని చుట్టుపక్కల ప్రాంతాలనూ తొలి దశలోనే దెబ్బతీస్తుంది; నిన్న ఏం జరిగిందో, ఇప్పుడే ఏం తిన్నామో నిలుపుకోవడం వాటి పని. చేసి చేసి ఒంటికి పట్టిన పనుల జ్ఞాపకం వేరే భాగాల్లో ఉండి, చాలాకాలం వరకు పనిచేస్తుంది. ఏళ్ల తరబడి విన్న పాటలను గుర్తించే ప్రాంతాలు ఈ జబ్బులో ఆలస్యంగా దెబ్బతినేవాటిలో ఉన్నాయని 2015లో జర్మనీ పరిశోధకులు చూపించారు. మా తరగతికి వచ్చే ఒక పెద్దావిడ, ఎవరు పలకరించినా నేల చూపులు చూసే మనిషి, మంగళహారతి ఎత్తుకోగానే మూడు చరణాలూ తప్పు లేకుండా పాడి, పాట ముగిసే వేళకు పళ్లెం లేకపోయినా రెండు చేతులూ ముందుకు చాపి, హారతి కళ్లకద్దుకుంటారు.

ఇది చూసి ముచ్చటపడిన కుటుంబసభ్యులు వెంటనే చేసే పని ప్రశ్న వేయడం. "అమ్మమ్మా, ఇది ఎవరి పాట? ఏ ఊళ్లో నేర్చుకున్నావు?" అని అడుగుతారు. అంతవరకు వెలిగిన ముఖం ఆ ప్రశ్నతో ముడుచుకుపోతుంది. ఎందుకంటే, పాడటానికి కావలసిన జ్ఞాపకం ఆమెకు ఉంది, జవాబుకు కావలసినది లేదు. తరగతి జరిగినంతసేపూ ఎవరినీ ఏదీ గుర్తుందా అని అడగకూడదన్నది మా దగ్గర కచ్చితమైన నియమం. పిలుపు కూడా ముఖ్యమే. సొంత పేరుకు పలకని ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు "మాస్టారూ" అనగానే తల ఎత్తుతారు.

ఇక కోలాటం. మీరు నేర్పే కోలాటంలో అసలు అందం జత మారడంలో ఉంది. మా వాళ్లకు అసలు చిక్కూ అక్కడే. ఎదుటి మనిషి మారిపోగానే, ఎవరి కర్ర కొట్టాలో తెలియక చేయి గాలిలో ఆగిపోతుంది. కాబట్టి వలయం తీసేసి, ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కుర్చీల్లో కూర్చోబెట్టి, చివరిదాకా అదే జతను ఉంచండి. ఇద్దరిలో ఒకరు జబ్బు లేనివారైతే మరీ మంచిది. కర్రలు పొట్టిగా, తేలికగా ఉండాలి. మొదట చేతికి ఒక్కటే ఇవ్వండి. "కుడి, ఎడమ" అని చెప్పవద్దు, చేసి చూపించండి. చూపించాక వెంటనే రెండోసారి చూపించకుండా, ఆది తాళంలో ఒక ఆవర్తం, అంటే ఎనిమిది అక్షరాల (తాళం లెక్కల) కాలం, ఆగండి. చూసినది చేతికి అందడానికి వారికి అంత వ్యవధి పడుతుంది. మనం తొందరపడి చేయి పట్టుకుని ఆడిస్తే, తమంతట తాము ఎత్తబోయిన చేయి దిగిపోతుంది.

కుర్చీలకు చేతులు ఉండాలి, వెనుక గోడ ఉండాలి. నున్నటి పాలరాతి నేల మీద ప్లాస్టిక్ కుర్చీ జారుతుంది. రక్తపోటు మాత్రలు వేసుకునేవారు ఒక్కసారిగా లేస్తే కళ్లు తిరుగుతాయి. లేచేటప్పుడు పక్కన మనిషి ఉండాలి. మైకు సెట్టు అసలే వద్దు. గోలలో మాట విడదీసి వినడం వారికి కష్టం, ఆ కష్టమే చిరాకుగా బయటపడుతుంది. శ్రుతి మీకు అలవాటైనదానికంటే దించుకోండి, వయసు మీద పడిన గొంతు పైకి వెళ్లదు. చాలామందికి పొద్దువాలే వేళకు అలజడి పెరుగుతుంది కనుక, టిఫిను తర్వాత, భోజనానికి ముందు అయితే బాగుంటుంది. బెజవాడ ఎండల్లో ఇంకాస్త ముందుకు జరపాలి.

పాటల ఎంపికలో మీతో నాకు చిన్న పేచీ ఉంది. భజన బృందం అనగానే భజనలే పాడతారు. మనిషికి ఎక్కువగా నిలిచేవి సుమారు పదేళ్ల నుంచి ముప్పయ్యేళ్ల లోపు విన్న పాటలు. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. ఈ ప్రాంతంలో ఇప్పుడు ఎనభైలలో ఉన్నవారిలో ఎందరో పొద్దున్నే భక్తిరంజని వింటూ పెరిగారు, నిజమే. కానీ గుణదల నుంచి వచ్చే అమ్మకు చర్చిలో పాడుకున్న కీర్తన కావాలి, పాతబస్తీ నుంచి వచ్చే పెద్దాయనకు కవ్వాలీ కావాలి. పొలంలో బతికినవారికి నాట్ల పాట కావాలి. ఇంటివాళ్లను అడిగి ప్రతి ఒక్కరికీ నాలుగైదు పాటలు రాసిపెట్టుకోండి. వినిపించకూడని పాట ఏదైనా ఉందా అనీ అడగండి. అసలు పాటంటే ఆసక్తి లేనివారూ ఉంటారు. దర్జీ పని చేసిన ఒకాయన ఎన్ని పాటలు పాడినా కదలలేదు. డోలక్ వాయించే కుర్రాడు వాయింపు నడక మార్చిన ఒక రోజు, ఆయన పాదాలు రెండూ కుట్టుమిషను తొక్కుతున్నట్టు మడమ, మునివేళ్లు, మడమ, మునివేళ్లు అంటూ లయలో పడ్డాయి. ఆ రోజు నుంచి అందరం ఆయన కాలినే అనుసరించాం.

వెంట వచ్చినవారిని బయట బెంచీ మీద వదిలేయకండి. చాలా ఇళ్లలో ఈ చాకిరీ అంతా కోడలి మీదో, కూతురి మీదో పడుతోంది. ఆ గంటసేపు ఆమెను కూడా జతలో కూర్చోబెట్టి కర్ర చేతికివ్వండి. స్నానానికీ మాత్రలకూ బతిమాలడం తప్ప మామగారితో మరో వ్యవహారం మిగలని కోడలికి, ఆయనతో కలిసి చేయదగిన పని ఒకటి దొరుకుతుంది.

చివరిగా మీ సొంత బృందాల సంగతి. 2023లో ప్రచురితమైన జాతీయ స్థాయి అధ్యయనం ప్రకారం మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి, డిమెన్షియా ఉంది. ఏళ్లుగా మీతో పాడుతున్న ఒకరు ఈ మధ్య చరణాలు తారుమారు చేస్తుంటే, వచ్చే దారి మరిచిపోతుంటే, ఇంటివాళ్లకు చెప్పి నరాల వైద్యుడికో మానసిక వైద్యుడికో చూపించమనండి. థైరాయిడ్, విటమిన్ బీ12 లోపం, దిగులు, వినికిడి తగ్గడం వంటివి కూడా మతిమరుపులా కనిపిస్తాయి, వాటికి చికిత్స ఉంది. డిమెన్షియా అనే తేలినా, చరణాలు తప్పుతున్నారని ఆయనను బృందం నుంచి తప్పించవద్దు. ముందు పాడే బాధ్యత తీసేసి, తాళాలు చేతికిచ్చి, ప్రధాన గాయకుడి పక్కనే కూర్చోబెట్టండి.